దూది పరీక్ష

పొద్దున ఆరున్నరకు స్నానాల గదిలోంచి "స్స్" అన్న శబ్దం వచ్చిందంటే ఆ ఇంట్లో తెల్లవారినట్టు లెక్క. వంటింట్లో టీ కాస్తున్న భార్య అది విని, కుడి చెంప అయింది అనుకునేది. రెండో "స్స్" ఎడమ చెంప. మూడోది గొంతు దగ్గర. అది కాస్త పొడుగ్గా సాగేది, దాని వెనకే ఒక తిట్టు కూడా వచ్చేది. ఆ తిట్టు బ్లేడుకో, అద్దానికో, ఇలాంటి చర్మం ఇచ్చిన దేవుడికో ఎన్నడూ తేలలేదు. తొమ్మిదేళ్ళ కూతురు మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, నాన్న తిట్టేశాడు, ఇక నా వంతు" అనేది.

మనవాడి చర్మం అలాంటిది మరి. చొక్కా కాలరు కాస్త గరుగ్గా ఉంటే మెడ చుట్టూ దద్దుర్లు. సబ్బు మారిస్తే రెండు రోజులు దురద. దుప్పటి మడత మీద పడుకుని లేస్తే ఆ మడత మధ్యాహ్నం దాకా బుగ్గ మీదే ఉంటుంది. అలాంటి మొహం మీద రోజూ బ్లేడు లాగడమంటే మాటలా? ఇంకొకడైతే హాయిగా గడ్డం పెంచుకుని తిరిగేవాడు. ఇతనికీ అదే కోరిక. చేసే పనే ఒప్పుకోదు.

అతను బస్సులకు రంగు వేస్తాడు. పాత బస్సులు మరమ్మతుకొచ్చే పెద్ద షెడ్డులో, ఒక మూల తలుపులన్నీ మూసేసే పెయింటు గది ఉంది. అందులో నలుగురు పెయింటర్లు. గన్ నొక్కితే రంగు పొగలా లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కునూ నోటినీ మూసే రబ్బరు మాస్కు పెట్టుకోవాలి. ఆ రబ్బరు అంచు చర్మానికి అతుక్కుని కూర్చోవాలి. మధ్యలో వెంట్రుకలుంటే సందు పడుతుంది, సందులోంచి విషం పోతుంది. కాబట్టి గడ్డం కూడదు. ఇది గోడ మీద అచ్చేసి అంటించిన రూలు. దీన్ని అతనేనాడూ తప్పు పట్టలేదు.

ఒళ్ళు మండేదల్లా దూది దగ్గర.

మాస్కు సరిగ్గా పట్టిందో లేదో చూడటానికి అసలు చేదుమందు పరీక్ష అని ఒకటుంది. మాస్కు పెట్టుకున్న మనిషి తల మీద, కళ్ళ ముందు అవతలివి కనిపించే ప్లాస్టిక్ ఉన్న సంచి లాంటి తొడుగు దించి, అందులోకి చేదు నీళ్ళ తుంపర కొడతారు. నోటికి చేదు తగిలితే మాస్కు పట్టలేదని అర్థం. రెండేళ్ళ కిందట ఆ మందు సీసా అయిపోయింది. ఆఫీసుకి ఒక కాగితం వెళ్ళింది, జవాబు రాలేదు, ఇంకో కాగితం ఎవరూ రాయలేదు. అప్పుడు ఫోర్‌మన్ సొంత బుర్ర ఉపయోగించి ఒక పరీక్ష కనిపెట్టాడు. ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలోంచి చిటికెడు దూది తీసి, మనిషి చెంప మీద కింది నుంచి పైకి లాగుతాడు. దూది జారిపోతే పాసు. పోగులు చిక్కుకుంటే ఫెయిలు, ఆ రోజుకి గన్ ముట్టుకోవడానికి లేదు. నెలలో మూడుసార్లు ఫెయిలైతే ఇక గన్ సంగతి మర్చిపోయి బస్సులు కడిగే చోటికి పోవలసిందే. తను కనిపెట్టింది కదా, ఫోర్‌మన్‌కి ఆ పరీక్షంటే మహా ముద్దు. ఆయన మొహమేమో వంకాయలా నున్నగా ఉంటుంది. ఆయనకేం తెలుస్తుంది?

ఈ నెల మనవాడు అప్పటికే ఒకసారి ఫెయిలయ్యాడు. రెండోది ఆ బుధవారం జరిగింది.

"ఏవయ్యా కాకరకాయా, గీసుకున్నావా ఇవాళ?" అన్నాడు ఫోర్‌మన్ దూది నలుపుతూ. మొహం నిండా పొక్కులున్న పాపానికి షెడ్డులో అతని పేరు అదే అయిపోయింది.

"గీసుకున్నాను సార్. మూడుసార్లు."

"మూడుసార్లా? ఏదీ." చెంప మీద దూది లాగాడు. దవడ ఎముక దగ్గరికొచ్చేసరికి దూది ఆగింది. చెయ్యి తీస్తే నాలుగు తెల్లటి పోగులు అక్కడే ఊగుతున్నాయి. "మరి ఇదేంటి? బస్సుకి రంగు వేసేటప్పుడు ఇంత అశ్రద్ధ చేస్తావా నువ్వు?"

అశ్రద్ధ అన్న మాట వినేసరికి అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. షెడ్డు మొత్తం మీద అతనంత శ్రద్ధ ఇంకొకరికి లేదు. అతను వేసిన రంగులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. సాయంత్రం పని అయ్యాక మిగతావాళ్ళు చేతులు దులుపుకుని పోతుంటే, తను మాత్రం గన్‌నీ, గొట్టాన్నీ, మాస్కునీ రంగు పలచన చేసే థిన్నర్‌లో తడిపిన గుడ్డతో మెరిసేదాకా తుడిచి గానీ కదలడు. ఆ అలవాటు మిగతా ముగ్గురికీ నేర్పింది కూడా తనే.

"ఏం చేసినా పోవట్లేదు సార్. చర్మమే అలాంటిది."

"చర్మం సంగతి మాస్కుకి తెలియదు కదయ్యా. చూడు, బక్కన్నని చూసి నేర్చుకో."

బక్కన్న నలుగురిలోకీ పెద్దవాడు. చెంపల మీద వెంట్రుకలు సరిగ్గా మొలవనే మొలవలేదు. వారానికొకసారి బ్లేడు ఆనిస్తే చాలు, దూది జారుకుంటూ పోతుంది. తనను చూసి నేర్చుకోమనేసరికి సిగ్గుపడి, పక్కకి తిరిగి దగ్గాడు. సిగరెట్లు మానేసి ఆరేళ్ళయింది, దగ్గు మాత్రం ఆయన్ని మానలేదు.

"అయితే సార్, గోడ మీద రూల్లో దూది ఎక్కడుంది?" అనేశాడు మనవాడు. "రూల్లో చేదుమందు పరీక్ష ఉంది. అది చెయ్యండి. దాంట్లో ఫెయిలైతే బస్సులేం ఖర్మ, చక్రాలు కూడా కడుగుతాను."

"సీసా లేదని తెలుసుగా."

"తెప్పించమని రాసిస్తాను."

"రాయి. నిక్షేపంగా రాయి. సోమవారం దాకా లప్పం పనిలో ఉండు. సోమవారం పొద్దున మళ్ళీ దూది. అప్పుడూ పట్టుకుందో, ఇక నన్నేమీ అనకు."

అతను నిజంగానే రాశాడు. కోపంలో రాశాడు కాబట్టి అక్షరాలు కాగితం అవతలికి కూడా తేలాయి. ఫోర్‌మన్ దాన్ని చదవకుండానే ఆఫీసుకు వెళ్ళే కవర్లో పడేశాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య అప్పుడే పని నుంచి వచ్చింది. ఆమెది పాల కేంద్రంలో ఉద్యోగం. పొద్దున్నే లారీల్లో పాల క్యాన్లు వస్తాయి. ఆమె మూత తీసి, ఒక్కసారి వాసన చూసి, "దించు" అంటే లోపలికి, "వెనక్కి" అంటే వచ్చిన దారినే వెనక్కి. రెండో మాట ఉండదు. పదేళ్ళలో ఆమె ముక్కు తప్పిందన్నవాడు లేడు. ఆ అలవాటుకొద్దీ మొగుడు రాగానే అతని మొహం దగ్గర మొహం పెట్టి ఒకసారి వాసన చూసేది.

"థిన్నర్," అంది ఆ రోజు కూడా. "వెనక్కి."

"బట్టలే, ఉండు, స్నానం చేసొస్తాను."

"స్నానం చేసొచ్చినా అదే వాసన. బట్టల్లో కాదండీ, మీ ఊపిరిలోంచి వస్తోంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మాస్కు పెట్టుకుంటున్నానా లేదా? దాని కోసమేగా పొద్దున్నే లేచి నెత్తురు కళ్ళజూస్తోంది? ఊపిరిలోకి ఎలా పోతుంది?" అని కసిరాడు. కసిరి, రెండోసారి ఫెయిలైన సంగతి చెప్పాడు. గన్ లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో ఆమెకు తెలుసు. ఆదివారం పూట కూడా కిటికీలోంచి పోయే బస్సుల్ని చూసి ఇది నాది, ఇది నాది కాదు అని లెక్కపెట్టే మనిషి.

ఇక అక్కడి నుంచి సలహాలు మొదలయ్యాయి. బావమరిది ఫోన్ చేసి అయిదు బ్లేడ్ల రేజరు కొనుక్కోమన్నాడు. అది అప్పటికే కొన్నాడు, ఒక బ్లేడు కోయాల్సిన చోట అయిదూ కోశాయి. మంగలి షాపాయన పటిక రుద్దమన్నాడు. రుద్దితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మందుల షాపులో కుర్రగొంతు గుమస్తా ఒక ట్యూబు ఇచ్చి, వాడిన గంటకి ఎరుపు తగ్గుతుందన్నాడు. గంటకి ఎరుపు చెవుల దాకా పాకింది. అత్తగారు ఫోన్లో, "చిన్నప్పుడు నా కొడుక్కీ ఇంతే, పెద్దయ్యాక తగ్గింది బాబూ" అంది. నలభై ఒకటో ఏట ఇంకా ఎంత పెద్దవ్వాలో ఆమె చెప్పలేదు.

గురువారం పొద్దున అతను నాలుగుసార్లు గీశాడు. వాలుకి ఒకసారి, ఎదురు రెండుసార్లు, అడ్డంగా ఒకసారి. ఇంత చేసి చేత్తో తడుముకుంటే ఇంకా గరుగ్గానే తగిలింది. ఇంకోసారి గీశాడు. భార్య తలుపు బయటి నుంచి, "చాలు, ఇక వదిలెయ్యండి, చర్మం కూడా అయిపోతుంది" అంది. అతను వినలేదు. కూతురు ఆ రోజు స్నానం లేకుండానే బడికి పోయింది.

శుక్రవారం లప్పం పనిలో ఉన్నాడు. లప్పం అంటే బస్సు రేకు మీద సొట్టల్లో పూసే ముద్ద. ఆరిన తర్వాత దాన్ని వాటర్ పేపర్ అనే గరుకు కాగితంతో, నీళ్ళు పోస్తూ, నున్నగా రుద్దాలి. ఆ పనిలో పహిల్వాన్ అని ఒకాయన ఉన్నాడు. పేరుకు తగ్గట్టే చెయ్యి. రేకు తడపకుండా, ఒళ్ళంతా బరువేసి, అటూ ఇటూ పరపరా రుద్దుతున్నాడు. ఆ చప్పుడు వినేసరికి మనవాడికి పళ్ళు జిల్లుమన్నాయి.

"ఏంటది? ఆపు, ఆపు."

"గరుగ్గా ఉందన్నా ఇక్కడ. పోవట్లేదు. పొద్దుట్నించీ రుద్దుతూనే ఉన్నా."

"రుద్దబట్టే పోవట్లేదు." బకెట్టులోంచి నీళ్ళు తీసి రేకు మీద పోశాడు. "పొడి మీద రుద్దుతాడా ఎవడైనా? ముందు నానాలి. కాసేపు ఆగు. ఇప్పుడు చూడు, చెయ్యి బరువు వెయ్యకు, పేపరే కోసుకుంటుంది. ఒక్క దారిలో పోవాలి, ఎదురు రాకూడదు. ఒకసారి చాలు. నీకు చేతికి తగిలే ఆ గరుకు లప్పానిది కాదయ్యా, నువ్వు చేసిన గీతలది. దాన్ని తీద్దామని ఇంకా రుద్దుతున్నావు, ఇంకా గీతలు పడుతున్నాయి. నీ గీతలు నువ్వే..."

అక్కడ ఆగిపోయాడు. చెయ్యి తనంతట తాను దవడ మీదికి పోయింది. నిన్న గీసిన చోట చిన్నచిన్న పెచ్చులు కట్టాయి, అవే వేలికి తగిలాయి.

పహిల్వాన్ పేపర్ పక్కన పెట్టి తలెత్తాడు. "ఆగిపోయావేం అన్నా? చెప్పు, బాగుంది."

"ఏం లేదు. తడుపుకుంటూ రుద్దు."

దూదికి చిక్కుకుంటున్నది వెంట్రుకలు కావు. తన పెచ్చులు. పద్నాలుగేళ్ళుగా పది మందికి వద్దని నేర్పిన పని, ఒక బస్సు రేకు మీద కూడా ఎవరినీ చెయ్యనివ్వని దరిద్రపు పని, పొద్దున్నే లేచి తన మొహం మీద తనే చేసుకుంటున్నాడు. ఎవరితోనైనా చెబితే నవ్వుతారు. తనకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. ఆమె అన్నం గిన్నె దించుతూ అంతా విని, "అదే కదండీ వదిలెయ్యమన్నాను నిన్న" అంది.

"నువ్వు వదిలెయ్యమన్నావు. ఎందుకో చెప్పలేదుగా."

"చర్మం అయిపోతుందన్నాను. అది చాలదా? దానికి మళ్ళీ బస్సు రేకు వచ్చి చెప్పాలా?"

నిజమే, అతనికి బస్సు రేకు చెబితేనే ఎక్కుతుంది. శనివారం, ఆదివారం రెండు రోజులూ ఆమె రేజరు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. అతను ఊరికే పది నిమిషాలకొకసారి అద్దం దగ్గరికి పోయి దవడ తడుముకునేవాడు. "ముట్టుకోకండి" అని ఇటు నుంచి ఆమె, "ముట్టుకోకు నాన్నా" అని అటు నుంచి కూతురు. గడ్డం మాసి, దురద పుట్టి, సోమవారం మీద భయంతో ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో అతనికే తెలియాలి. ఆదివారం సాయంత్రానికి మాత్రం పెచ్చులు రాలిపోయాయి.

సోమవారం పొద్దున వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు మొహం మీద కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నానాలి. భార్య గడియారం చూసి చెప్పిందాకా లేవలేదు. సబ్బు నురగ మెత్తగా పట్టించి, పాత ఒంటి బ్లేడు రేజరు తీశాడు. వెంట్రుక ఏ వైపు వాలిందో వేలితో చూసుకున్నాడు. దవడ దగ్గర ఒక వైపు, గొంతు మీద ఇంకో వైపు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూసుకోలేదు. చెయ్యి బరువు వెయ్యకుండా, ఒక్క దారిలో, ఒక్కసారి లాగి వదిలేశాడు. గొంతు దగ్గర ఇంకోసారి లాగుదామని చెయ్యి లాగింది, పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు. చన్నీళ్ళు కొట్టుకున్నాడు.

బయట తువ్వాలుతో నిలబడ్డ కూతురు, "అమ్మా, నాన్న ఇవాళ తిట్టలేదు, అయిపోయిందో లేదో తెలియట్లేదు" అంది.

షెడ్డులో ఫోర్‌మన్ అప్పటికే దూదితో సిద్ధంగా ఉన్నాడు. కుడి చెంప మీద లాగాడు. జారింది. ఎడమ చెంప మీద లాగాడు. దవడ ఎముక దగ్గరికొచ్చింది, అక్కడా దూది జారిపోయింది. ఫోర్‌మన్ దూదిని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్క పోగు కూడా ఊడలేదు.

"పాసు," అన్నాడు. "చూశావా, శ్రద్ధ పెడితే ఎందుకు రాదు?"

ఆ ఒక్క మాటకి అతను కిందటి రెండేళ్ళూ క్షమించేశాడు. గన్ తనదే. చెయ్యి అప్పుడే గన్ వైపు పోయింది కూడా. అంతలో ఫోర్‌మన్ బల్ల మీది అట్టపెట్టె ముందుకు తోశాడు.

"ఆగాగు. నువ్వు రాసిన కాగితానికి ఆఫీసు జవాబిచ్చింది. సీసా పంపారు, నలుగురికీ పరీక్ష చేసి సంతకాలు పంపమన్నారు. నువ్వు అడిగిందే కదా. ముందు బక్కన్న రా."

బక్కన్న తన మాస్కు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. తల మీద తొడుగు దించి, ఫోర్‌మన్ తుంపర కొట్టాడు. "తల అటు తిప్పు. ఇటు తిప్పు. ఏమైనా తెలుస్తోందా?" తొడుగు లోపల బక్కన్న తల అడ్డంగా ఊగింది. "ఏం లేదు సార్." లేచి పక్కకొచ్చి గోడకేసి తిరిగి దగ్గాడు.

తర్వాత మనవాడు కూర్చున్నాడు. ముందు మాస్కు లేకుండా నాలుక మీద ఒక చుక్క వేయించుకున్నాడు, రుచి తెలియడానికి. కాకరకాయ రసం దీని ముందు చక్కెర నీళ్ళు. నోరు కడుక్కుని, మాస్కు తగిలించి, పట్టీలు బిగించాడు. నున్నటి మొహం మీద నున్నటి మాస్కు. తొడుగు దిగింది.

"ఇప్పుడు ఏదైనా గట్టిగా చదవాలట," అన్నాడు ఫోర్‌మన్ సూచనల కాగితం చూస్తూ. "మాట్లాడేటప్పుడు కూడా పట్టి ఉండాలట. గోడ మీద రూళ్ళున్నాయిగా, అవి చదువు."

అతను చదవడం మొదలుపెట్టాడు. ఒకటి, గది తలుపులు మూయవలెను. రెండు, గాలిని బయటికి పంపు పంకా ఆడుతుండవలెను. మూడు, గడ్డము ఉండరాదు. ఈ మూడూ షెడ్డులో అందరికీ కంఠతా వచ్చు, అందుకే ఆ కింద ఏముందో ఎవరూ చూడలేదు. నాలుగో రూలు దగ్గర నాలుక చివర ఏదో తగిలినట్టయింది. అయిదు దగ్గర నాలుకంతా పాకింది. ఆరు చదివేసరికి గొంతులోకి దిగింది. చేదు. అనుమానం లేదు, మొట్టమొదటి చుక్క ఎలా ఉందో అలాగే ఉంది.

"ఏమైనా తెలుస్తోందా?" అన్నాడు ఫోర్‌మన్ బయటి నుంచి.

లేదు అంటే చాలు. అతని నోటి రుచి అతనికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. లేదు అంటే పాసు, గన్ తనది, తను గెలిచినట్టు. ఉంది అంటే ఫెయిలు. నెలలో మూడోది. చక్రాలు కూడా కడుగుతానని తనే నోరు జారాడు. బక్కన్న వైపు చూశాడు. బక్కన్న నేల చూపులు చూస్తున్నాడు. ఆ చూపు చూడగానే ఆయన అబద్ధం చెప్పాడని అర్థమైపోయింది. భార్య రోజూ మొహం దగ్గర మొహం పెట్టి "వెనక్కి" అనడం గుర్తొచ్చింది. ఆమె ముక్కు తప్పదని ఊరంతా ఒప్పుకుంది, తనొక్కడే రెండేళ్ళుగా ఒప్పుకోలేదు.

అలాగే చదవడం సాగించాడు. ఏడు. ఎనిమిది. "తొమ్మిది. మాస్కును సబ్బు నీళ్ళతో మాత్రమే కడగవలెను. థిన్నర్ తగిలినచో రబ్బరు బిగిసి..."

అక్కడ చదవడం ఆపేశాడు.

"చేదుగా ఉంది సార్," అన్నాడు.

"ఏంటీ?"

"చేదుగా ఉంది. లోపలికొస్తోంది."

ఫోర్‌మన్ తొడుగు ఎత్తి అతని మొహం కేసి చూశాడు. "ఎలా వస్తుందయ్యా? దూది జారిపోయింది. మొహం అద్దంలా ఉంది. ఇంకోసారి చూసుకో, ఊరికే కంగారుపడ్డావేమో."

"అదే సార్ నేనూ అడిగేది. మొహం అద్దంలా ఉన్నా ఎలా వస్తోందని."

"ఇలా తే, నీకు పెట్టుకోవడమే రాదు." ఫోర్‌మన్ మాస్కు లాక్కుని, తుడుచుకుని, తన వంకాయ మొహానికి తగిలించుకున్నాడు. తొడుగు దించుకుని పహిల్వాన్‌ని పిలిచి తుంపర కొట్టమన్నాడు. పహిల్వాన్ చెయ్యి తెలిసిందే. రెండు నొక్కులు నొక్కాడో లేదో ఫోర్‌మన్ తొడుగూ మాస్కూ ఒక్కసారే పీకి పారేసి, బకెట్టు మీద వంగి థూ థూ అని ఉమ్మాడు. ఇంకో రోజైతే షెడ్డంతా పడీపడీ నవ్వేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మనవాడు మాస్కుని చేతిలోకి తీసుకుని అంచుని బొటనవేలితో నొక్కి చూశాడు. మెత్తగా లోపలికి పోవాల్సిన రబ్బరు చెప్పు అట్టలా బిగుసుకుపోయి ఉంది. గాలి బయటికి పోయే చోట పలచటి రబ్బరు బిళ్ళ ఒక పక్క వంకర తిరిగి లేచిపోయింది. పైకి మాత్రం తళతళా మెరుస్తోంది. మెరవదూ మరి, రోజూ తుడిచింది తనేగా.

"నాకూ చేదే సార్," అన్నాడు బక్కన్న మెల్లగా. "ఇందాక చెప్పలేదు. ఈ వయసులో బస్సులు కడగలేనని."

మిగతా రెండు మాస్కులూ తెచ్చి చూశారు. రెండూ అంతే. ఒకదాన్ని మించి ఒకటి మెరుస్తున్నాయి.

"అన్నా," అన్నాడు మనవాడు. "థిన్నర్‌తో తుడవమని నేనే కదా మీకు నేర్పింది."

"నేర్పావు," అన్నాడు బక్కన్న. "మంచి కోసమే నేర్పావులే తమ్ముడూ." అని దగ్గొచ్చి, మాట ఆపి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ దగ్గు మామూలుగా రోజూ వినేదే. ఆ రోజు మాత్రం మనవాడు అది వినలేక బయటికొచ్చేశాడు.

బయట నిలబడి ఎవరి మీద అరవాలో అతనికి తెలియలేదు. సీసా పంపని ఆఫీసు మీదా? దూది పట్టుకుని ఊరేగిన ఫోర్‌మన్ మీదా? తొమ్మిదో రూలు చదవని తన కళ్ళ మీదా? రెండేళ్ళు పొద్దున్నే లేచి మొహం కోసుకున్నాడు, రెండేళ్ళు సాయంత్రం కూర్చుని మాస్కుని పాడు చేశాడు. రెండు పనులూ ఒకే శ్రద్ధతో చేశాడు. ఒళ్ళు మండిపోయి చేతిలో మాస్కుని నేలకేసి కొట్టాడు. అది రబ్బరులా ఎగరలేదు, రేకు ముక్కలా టపీమని పడింది.

ఫోర్‌మన్ ఆ రోజే పెయింటు గదికి తాళం వేశాడు. నలుగురి పేర్లూ ఫెయిలని రాసి, కింద తన పేరు కూడా రాసి, ఆఫీసుకి పంపాడు. మనవాడిని కడిగే చోటికి పంపే మాట ఎత్తలేదు. మిగిలిన దూది మొత్తం ఫస్ట్‌ఎయిడ్ డబ్బాలో పెట్టి, డబ్బా మూసేశాడు. మర్నాడు నలుగురినీ ఛాతీ పరీక్షకి పంపారు. ముగ్గురి సంగతి ఫరవాలేదన్నారు. బక్కన్నని మూడు నెలలు రంగు వాసన దగ్గరికి పోవద్దన్నారు, ఆయన్ని స్టోర్లో కూర్చోబెట్టారు. మనవాడు రోజూ మధ్యాహ్నం టీ తీసుకుని అక్కడికి వెళ్ళి కూర్చునేవాడు. థిన్నర్ మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

కొత్త మాస్కులు రావడానికి పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ అతను లప్పం రుద్దాడు. గడ్డం పెంచుకోవచ్చు, అడిగేవాడు లేడు. అయినా మూడు రోజులకొకసారి నానబెట్టుకుని, వాలు చూసుకుని, ఒక్కసారి గీసుకునేవాడు. మాస్కు వచ్చాక పెయింటు గది తాళం తీశారు. చేదుమందు పరీక్షలో తొమ్మిది రూళ్ళూ ఆఖరి అక్షరం దాకా చదివాడు. నోట్లో ఏ రుచీ తగల్లేదు. సాయంత్రం దాకా రంగు వేసి, మాస్కుని సబ్బు నీళ్ళతో కడిగి, నీడన ఆరేసి ఇంటికి వెళ్ళాడు.

భార్య గుమ్మంలోనే ఎదురైంది. అలవాటు ప్రకారం మొహం దగ్గర మొహం పెట్టింది. అతను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి. మూత తియ్యకుండా ఎలా చెప్పను?"

వదిలాడు. ఆమె ఒకసారి వాసన చూసింది. పదేళ్ళ ఉద్యోగంలో ఏ క్యానునీ రెండోసారి చూడని మనిషి, మళ్ళీ ఒకసారి చూసింది. కళ్ళు తుడుచుకుంటూ పక్కకి జరిగి, లోపలికి దారిచ్చింది.

"దించు," అంది.